ఇంటిపేరు నియో

మొన్న అబిడ్స్ చౌరస్తా దాటి గన్‌ఫౌండ్రీ వైపు నడుస్తుంటే ఒక కొత్త బోర్డు కనిపించింది. పరుపుల దుకాణం. పేరుకు ముందు ‘నియో’ అని ఉంది. నాలుగడుగులు వేశానో లేదో కళ్లజోళ్ల షాపు, దానికీ ముందు నియోనే. ఎదురుగా గోడ మీద ఏదో కోచింగ్ సెంటర్ ప్రకటన, అందులోనూ అదే. ఫుట్‌పాత్ మీద ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. మా పెద్ద సిస్టర్ ఉంటే ఆటో ఆపించి మరీ దిగేది. సంచిలోంచి చిన్న నోట్‌బుక్కు తీసి మూడు బోర్డులూ అందులోకి ఎక్కించేది. ‘కొత్తది అని రాస్తే ఎవ్వడు కొంటడని గిట్ల రాసిన్రు’ అని ఒక మాట విసిరి మళ్లీ ఆటో ఎక్కేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఈ బోర్డులు చూడకుండానే పోయిందే అని ఆ పూటంతా బాధపడ్డాను.

పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే ఆవిడను పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. డాక్టర్లకూ ఆయాలకూ లిఫ్ట్ నడిపే ఆయనకూ అందరికీ పెద్ద సిస్టరే. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందుల్లో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని ఒక చిన్న ప్రసూతి దవాఖానలో, రెండో అంతస్తులో, పసిపిల్లల వార్డు ఆవిడది. పన్నెండు ఉయ్యాలలు, కామెర్ల పిల్లలను పడుకోబెట్టే నీలం లైట్లు రెండు, తలుపుకు సగం దాకా అద్దం. అద్దం అవతల బెంచీల మీద తల్లులు, నాయనమ్మలు. ఆవిడ ఉద్యోగం అద్దానికి ఇవతలే అయినా మనసంతా అవతలే ఉండేది.

మనిషి పొట్టి. నడక మాత్రం పొడుగు మనుషుల నడక. తెల్ల చీర, ఎడమ చేతికి మగవాళ్ల గడియారం, కళ్లద్దాల పెట్టెలో కళ్లద్దాలతో పాటు ఒక నీలం పెన్సిలు. అన్నం తినేటప్పుడు కూడా ఆ పెట్టె ఒళ్లోనే ఉండేది. మెదక్ దగ్గర మిషన్ హాస్టల్లో చదువుకుని వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన కొత్త డాక్టరమ్మతో, దినానికి పన్నెండు మంది పిల్లలు పుడుతుంటే నాకు తీరిక యాడిదమ్మా అందట. ఆ మాట నా చెవిన పడేనాటికి పాతబడి అందరి నోళ్లలో నానుతోంది, అయినా చెప్పిన ప్రతివాళ్లూ తమ ఎదుటే జరిగినట్టు చెప్పేవాళ్లు.

నేను చేరిన రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అవమానం మరిచిపోయే రకం కాదు నేను. మాది బందరు వైపు. రాష్ట్రం కలిసిన ఏడు తాతగారు సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టింది పెరిగింది హైదరాబాదే, చదివింది కాన్వెంటు, నర్సింగ్‌లో మంచి మార్కులు. అంటే తలకు కొంచెం బరువు ఎక్కువ. పెద్ద సిస్టర్ నన్ను వార్డు తలుపు దగ్గర నిలబెట్టి, పైన రాసి ఉన్న నియోనేటల్ అనే మాటకు అర్థం చెప్పమంది. అప్పుడే పుట్టిన పిల్లలకు సంబంధించినది అని ఇంగ్లీషులో గడగడా చెప్పాను. నాకు కాదు, ఆమెకు చెప్పు అని బెంచీ మీద కూర్చున్న ఒక బాలింతను చూపించింది. నేను గొంతు సవరించుకుని, ‘ఇది నవజాత శిశు విభాగం అండీ’ అన్నాను.

ఆ బాలింత నా వైపు చూసి, భయంగా లేచి నిలబడింది. పెద్ద సిస్టర్ ఆమెను కూర్చోబెట్టి, తల అడ్డంగా ఊపి, నా చెవిలో, ‘ఇంగ్లీషు తీసి సంస్కృతం పెట్టినవు బిడ్డా. తెలుగు ఇంకా రాలె’ అంది.

ఆ రోజే నాకు నియో అని పేరు పడింది. కొత్తగా చేరిన ప్రతి నర్సునీ ఆవిడ అలాగే పిలిచేది, ఇంకొకరు చేరగానే ఆ పేరు వాళ్లకు వెళ్లిపోయేది. నా తర్వాత రెండేళ్లు ఎవరూ చేరలేదు. దాంతో పేరు నాకే అతుక్కుపోయింది. క్యాంటీన్ ఆయన కూడా ‘నియో మేడమ్‌కు ఒక చాయ్’ అనేవాడు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ పేరుతో పిలిచే మనుషులు ఇద్దరు ముగ్గురే మిగిలారు, వాళ్లు ఫోను చేస్తే పని మానుకుని మాట్లాడతాను.

ఆ ముక్క మీద ఆవిడకు అంత ప్రేమ ఎందుకో ఒక ఆదివారం తెలిసింది. చర్చి అయ్యాక ఆవిడ నేరుగా అబిడ్స్‌కు వచ్చేది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ డిక్షనరీల ముందు గొంతుక్కూర్చుని ఎన్ అక్షరం తీసేది. ఇంకే పేజీ చూడదు. నియో దగ్గర ఏమేం మాటలున్నాయో చూసి తన నోట్‌బుక్కులో లేనిది ఉంటే ఎక్కించుకుని పుస్తకం మూసేది. అమ్మేవాళ్లు విసుక్కునేవాళ్లు కాదు. ఒకాయన చెదలు తిన్న డిక్షనరీలోంచి ఆ ఒక్క కాగితమూ ఊడదీసి ఆవిడ కోసం దాచి ఉంచాడు. ఏదో బంగారం దొరికినట్టు దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది.

ఆ కాగితం నాకు చూపిస్తూ నర్సింగ్‌లో చేరిన కొత్తలో సంగతి చెప్పింది. హాస్టల్లో అంతా తెలుగు మీడియం. ఇక్కడికి వచ్చి పుస్తకం తెరిస్తే ఒక్క మాటా కొరుకుడు పడలేదట. పెట్టె సర్దుకుని మెదక్ బస్సు ఎక్కుదామనుకున్న రోజున, నియో అంటే కొత్త అని ఒక్కటి అర్థమైంది. ఆ తర్వాత ఆ ముక్క ఎక్కడ కనిపించినా భయం వేయలేదట. ‘మనకు ఇంటిపేరు ముందుంటది చూడు, గట్ల. ఇంటిపేరు తెలిస్తే మనిషి ఎవరో సగం తెలిసినట్టే’ అంది. నోట్‌బుక్కులో నియో ఇంటిపేరు గలవాళ్లందరినీ ఒక కుటుంబంలాగా రాసింది. నియోఫైట్ అంటే కొత్తగా నాటిన మొక్క, చర్చిలో కొత్తగా చేరినవాళ్లు. నియాన్ అంటే కొత్తగా దొరికిన గాలి, అబిడ్స్‌లో బోర్డుల మీద వెలిగేది. నియోలిథిక్ దగ్గర మాత్రం ప్రతిసారీ నవ్వేది. వేల ఏళ్ల నాటి రాళ్లకు కొత్తవని పేరు పెట్టిన మనుషుల ధైర్యం ఆవిడకు నచ్చింది. నియోనేటల్ పక్కన ‘నిన్న మొన్న పుట్టినోళ్ల సంగతి’ అని రాసుంది. ఆ కిందే నియోప్లాజమ్ కూడా ఉంది. పక్కన ‘గడ్డ. మన వార్డుకు రాదు’ అని రాసి గీత కొట్టింది.

ఇంత ఇంగ్లీషు పిచ్చి ఉన్న మనిషి అద్దం అవతలికి ఒక్క ఇంగ్లీషు మాట పోనిచ్చేది కాదు. అదొక నేరంలా చూసేది. తల్లులు బోర్డు చదివించుకుని, మా బిడ్డకు నియోనేటల్ వచ్చిందంట అని ఏడ్చిన సందర్భాలు ఆవిడ చాలా చూసింది. మేము నవ్వితే ఊరుకునేది కాదు. అందుకే ఆవిడ వార్డులో ఒక పద్ధతి పెట్టింది. బిడ్డకు ఏమైందో తల్లికో నాయనమ్మకో మనం చెప్పాలి. విన్నవాళ్లు అదే సంగతిని తమ మాటల్లో పక్కనున్న ఇంకొకరికి చెప్పాలి. అది మనం నిలబడి వినాలి. సరిగ్గా చెబితే కేస్ షీటు కుడి మూల ‘తి.చె.’ అని రాయాలి, తిరిగి చెప్పింది అని. ఆ తర్వాత పెద్ద సిస్టర్ తానే వెళ్లి వాళ్లను మళ్లీ అడిగి, సంతోషమైతే దాని కింద నీలం పెన్సిలుతో ఒక టిక్కు పెడుతుంది. టిక్కు పడేదాకా డ్యూటీ అయిపోయినట్టు కాదు. నేను చీర మార్చుకుని మెట్లు దిగాక కూడా రెండుసార్లు వెనక్కి పిలిపించింది.

ఇంకొకటి. కేస్ షీటులో ఇంటి చిరునామా రాస్తే ఆవిడకు చాలదు. ఆ ఇంటివాళ్లు పగలంతా ఎక్కడ ఉంటారో కూడా రాయాలి. బేగం బజార్‌లో ఏ దుకాణం వెనకో, ఏ బండి దగ్గరో. పగటిపూట ఇంట్లో ఎవరుంటరు, తాళం ఉంటది అనేది. ఇదంతా పోలీసుల పని మనకెందుకని నేను గొణుక్కునేదాన్ని. గొణుక్కున్నది ఆవిడకు వినపడేది కూడా.

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను. నాంపల్లి రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. దుమ్ముకు కిటికీలు మూసుకుని పని చేసేవాళ్లం. నాలుగు రోజుల మగపిల్లవాడు ఒకడు మా నీలం లైటు కింద ఉన్నాడు. తండ్రి ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ, నాయనమ్మ అక్కడే ఒక గోడౌన్‌లో మిరపకాయల తొడిమలు తీస్తుంది. తల్లికి జ్వరంగా ఉండి కింది అంతస్తులో పడుకుంది. బిడ్డకేమైందో నాయనమ్మకు చెప్పాల్సిన వంతు నాది. అప్పటికి నాకు తెలుగు వచ్చేసిందని నా నమ్మకం. సంస్కృతం జోలికి పోకుండా, ‘మీ మనవడికి పచ్చకామెర్లమ్మా’ అని మంచి తెలుగులో చెప్పాను. ఆమె అర్థమైనట్టు తల ఊపింది. పక్కనున్న ఇంకొకామెతో, మావానికి కామెర్లంట అని చెప్పింది కూడా. చక్కగా తి.చె. రాశాను. పెద్ద సిస్టర్ అప్పుడే అన్నం డబ్బా తెరిచింది. తిన్నాక వచ్చి టిక్కు పెడతానంది.

ఆవిడ చేయి కడుక్కుని వచ్చేసరికి లైటు కింద ఉయ్యాల ఖాళీగా ఉంది. ఆయా పాలసీసాలు కడగడానికి పోయింది, నేను పక్క గదిలో ఇంకో బిడ్డ బరువు చూస్తున్నాను. ఐదు నిమిషాలు. నాయనమ్మ లోపలికొచ్చి బిడ్డ కళ్ల మీది గంతలు విప్పి, తువ్వాలులో చుట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. కింద తల్లిని అడిగితే, కామెర్లని చెప్పిన్రట గదా, ఊర్ల పసరు పోపియ్యనీకి తీస్కపోయింది అని చాలా మామూలుగా చెప్పింది. కామెర్లనే మాట వింటే ఆ ఇంట్లోవాళ్లకు తెలిసింది అదొక్కటే. కామెర్లకు దవాఖాన మందు పని చెయ్యదు, పసరు పోయాలి. నేను ఏ మాట చెబితే బిడ్డను లైటు కింద ఉంచుతారనుకున్నానో, సరిగ్గా ఆ మాటే బిడ్డను లైటు కిందనుంచి లేపేసింది.

పొద్దున చూసిన రక్తపరీక్ష నా కళ్ల ముందు తిరిగింది. కామెర్ల అంకె ఇంకా పెరుగుతోంది. ఒంట్లో ఆ పసుపు పెరిగి మెదడుకు ఎక్కితే ఆ పిల్లవాడు బతికినా జీవితాంతం మెడ నిలపలేడు, చెవులు వినపడవు. పసరు పోసే ఊరు మూడు గంటల దూరం. పెద్ద సిస్టర్ నన్ను ఒక్క మాట అనలేదు. కేస్ షీటు తీసి ఉస్మాన్‌గంజ్ గోడౌన్ గుర్తులు చదువుకుని, కొడుకును తీస్కోకుండ ఆమె ఒక్కతి బస్సెక్కదు, గాడికే పోతది అంది. డ్యూటీ డాక్టరుతో చెప్పి నా రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది.

బేగం బజార్ మొదట్లోనే ఆటో ఇరుక్కుపోయింది. ముందు తోపుడు బండ్లు, వెనక లారీ. ఆవిడ దిగి నడవడం మొదలుపెట్టింది. తెల్ల చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, బస్తాల మధ్య నుంచి ఆవిడ వెళుతుంటే హమాలీలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. నేను వెనక పరుగెత్తాను. గోడౌన్ ముందు మిరపఘాటుకు ఇద్దరికీ దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నాయనమ్మ అక్కడే ఉంది, బిడ్డను ఒళ్లో పెట్టుకుని కొడుకు కూలి పని ముగించి వస్తాడని ఎదురుచూస్తోంది.

పెద్ద సిస్టర్ ముందు బిడ్డను ఆ ఘాటులోంచి బయట నీడకు తెప్పించింది. ఒళ్లు తాకి చూసింది. తర్వాత ఆమె ఎదురుగా ఒక ఖాళీ గోనె మీద కూర్చుంది, పని లేక పలకరించడానికి వచ్చినట్టు. ముసలామె నన్ను చూపించి, ఈ పిల్లనే కామెర్లని చెప్పింది, కామెర్లకు లైటు పెడితే పోతదా అమ్మా అని అడిగింది. పెద్ద సిస్టర్ కామెర్ల గురించి వాదించలేదు. పసరును తిట్టలేదు. చుట్టూ చూసి ఒక ప్రశ్న వేసింది.

‘గంజుల కొత్తగ పనికొచ్చినోనికి మొదటి దినమే నిండు బస్తా ఎత్తిస్తరా అవ్వా?’

‘ఎట్ల ఎత్తిస్తరమ్మా, నడుం ఇరుగుతది. వారం దినాలు సగం బస్తనే.’

‘ఔ గదా. నీ మనుమని కార్జం గూడ నాలుగు దినాల కిందనే పనికొచ్చింది. ఇంకా కొత్తది. నిండు బస్తా ఎత్తలేకపోతుంది. అది ఎత్తలేంది రక్తంల మిగిలిపోయి ఒంటికి పసుపు రంగెక్కింది. గా నీలం లైటు ఉన్నది చూడు, మిగిలిన సగం అది ఎత్తుతది. కార్జం పని నేర్చుకునేదాక సాయం, గంతే. సాయం తీసేస్తే ఆ పసుపు మెదడుకెక్కుతది. అప్పుడు నేను దించలేను, పసరు పోసేటాయన దించలేడు.’

ముసలామె బిడ్డ పొట్ట మీద చేయి వేసి నిమిరింది. అంతలో కొడుకు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. నీ కొడుకుకు చెప్పు అంది పెద్ద సిస్టర్. నాయనమ్మ చెప్పింది. కార్జం కొత్తదనీ, సగం బస్తానే మోస్తుందనీ, దానికి తోడు లైటు పెట్టారనీ, తాను తెలియక తోడును తీసేసిందనీ. తన వంతుగా, వీడు పుట్టంగనే పనిల పడ్డడురా అని కూడా కలిపింది. అంతా విన్నాక పెద్ద సిస్టర్, అప్పటిదాకా మా వార్డులో ఎవరూ అడగని రెండో ప్రశ్న అడిగింది. ‘అయితే ఇప్పుడేం చేస్తవ్?’

‘ఏం చేస్తం, దవాఖానకే పోతం’ అని ముసలామె బిడ్డతో లేచింది.

నాకు గర్వమంటే ఏమిటో ఆ గోడౌన్ ముందు తెలిసింది. నా తప్పు వల్లే అక్కడ నిలబడ్డాను, గర్వపడే అర్హత నాకు లేదు. అయినా ఈవిడ కింద పని చేస్తున్నానన్న గర్వం గొంతు దాకా వచ్చి దగ్గులో కలిసిపోయింది. మిరపఘాటు వల్ల కళ్లలో నీళ్లు రావడం ఆ రోజు నాకు మేలే చేసింది.

సాయంత్రం పెద్ద డాక్టరు అందరినీ నిలబెట్టి ఎవరి పొరపాటని అడిగారు. నేను నోరు తెరిచేలోపు ఆవిడ, షీటు మీద నా టిక్కు లేదు సార్, టిక్కు పెట్టకుండ తిండికి పోయింది నేనే అంది. ఆయన ఆవిడను నాలుగు మాటలన్నారు. ఆవిడ తల ఊపుతూ విన్నది. బయటికొచ్చాక నేను ఏడుస్తూ ఏదో చెప్పబోతే, ‘నియో, నువ్వు మాటను చెప్పినవ్, పనిని చెప్పలె. రేపటి సంది రెండోది గూడ అడుగు’ అంది. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. పిల్లవాడికి రంగు దిగింది, కొద్దిరోజులకు ఇంటికి పోయాడు. మరునాటి నుంచి వార్డులో రెండు ప్రశ్నలయ్యాయి. ఏమైంది, ఇప్పుడేం చేస్తావు. రెండింటికీ జవాబు వస్తేనే తి.చె.

ఆ దవాఖాన తర్వాత మూతబడింది. ఆవిడ రిటైరై నాంపల్లిలో చర్చి వెనక రెండు గదుల్లో వాళ్లక్కతో ఉండేది. అక్క ఆవిడకంటే పదేళ్లు పెద్ద, బడికి పోయిన మనిషి కాదు, ఈ చెల్లెలు తప్ప ఇంకెవరూ లేరు. నేను ఇంకో పెద్ద ఆసుపత్రికి మారాను. ఇప్పుడు అక్కడి పసిపిల్లల వార్డు నా చేతిలో ఉంది. నా షీట్లకు కుడి మూల ఏముంటుందో చెప్పనక్కరలేదు.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసి రమ్మంది. వెళ్లేసరికి అక్క గుమ్మం దగ్గర చేటలో బియ్యం ఏరుతోంది. పెద్ద సిస్టర్ లోపల మంచం మీద కూర్చుని ఉంది, బాగా చిక్కిపోయింది. నా చేతికి ఒక ఫైలు ఇచ్చింది. రిపోర్టు మీద నియోప్లాజమ్ అని చూశాను. అంతకుముందూ వెనకా ఉన్న మాటలు కూడా చదివాను. ఎంత దూరం పాకిందో అందులో ఉంది. మా వార్డుకు రాదని ఆవిడ గీత కొట్టిన మాట అది.

ఆవిడకు తెలియని మాట కాదు. నాకంటే బాగా తెలుసు. కానీ అక్కకు ఇంకా చెప్పలేదు. మూడు రోజుల నుంచి చెబుదామని గుమ్మం దాకా పోయి తిరిగి వస్తోందట. అక్కకు ఏదో అనుమానం వచ్చింది, ఎవరో చెబితే ఒక నాటు వైద్యుడి దగ్గరికి ఎనభై ఏళ్ల మనిషి ఒక్కతే బస్సెక్కి పోవడానికి తయారవుతోంది. ‘మందికి ఇన్నేండ్లు చెప్పిన గదా. మా అక్కకు చెప్పనీకి మాట దొరుకుతలేదు నియో. నువ్వు నాకు చెప్పు. నాకేం తెల్వదనుకొని చెప్పు’ అంది.

మొదటిసారి మొదలుపెట్టి సగంలో ఆపేశాను. నోటికి అన్నీ పుస్తకంలో మాటలే వచ్చాయి. ఆవిడ తల అడ్డంగా ఊపింది, నేను చేరిన రోజు ఊపినట్టే. రెండోసారి ఏడుపొచ్చింది. ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, నీళ్లిచ్చి, మళ్లీ చెప్పమంది. మూడోసారి కళ్లు తుడుచుకుని ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

‘లోపల ఒక గడ్డ పుట్టింది సిస్టర్. కొత్తది, కిందటేడు లేదు. మీరు పిలవలేదు, మీరు చేసిన తప్పూ లేదు. కోసి తీసేద్దామంటే వేళ్లు చాలా దూరం పోయాయి. మందులకు కొన్నాళ్లు అణిగి ఉంటుంది గానీ పోదు. నొప్పి రాకుండా చూసుకోవచ్చు. అది దవాఖాన వాళ్ల పని. దీనికోసం ఎవరూ ఏ ఊరికీ తిరగక్కర్లేదు. పక్కన మనిషి ఉంటే చాలు.’

ఆవిడ ఒక్కో మాటా లోపల సర్దుకుంటున్నట్టు కళ్లు మూసుకుంది. తర్వాత లేచి, గోడ పట్టుకుని గుమ్మం దగ్గరికి పోయి అక్క ముందు కూర్చుంది. చేట పక్కకు జరిపింది. నేను వెనక నిలబడి విన్నాను. అక్కా, నా లోపట ఒక గడ్డ పుట్టిందే అని మొదలుపెట్టి, నేను చెప్పిందంతా మెదక్ మాటల్లో, ఒక్కటీ వదలకుండా చెప్పింది. అయిపోయాక అక్క చెల్లెలి చేయి రెండు చేతుల్లోకి తీసుకుంది. రెండో ప్రశ్న అడగాల్సింది నేను. పెద్ద సిస్టర్ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. అడిగాను. ఇప్పుడేం చేస్తారు పెద్దమ్మా?

‘ఏం చేస్త బిడ్డా. యాడికి పోను. దీని పక్కన కూసుంట’ అంది అక్క.

ఫైలు తెచ్చి రిపోర్టు కుడి మూల తి.చె. అని రాశాను. పెద్ద సిస్టర్ కళ్లద్దాల పెట్టె తెరిచి నీలం పెన్సిలు తీసింది. చివర అరిగిపోయి ఉంది, ఇటూ అటూ తిప్పి సరైన వైపు చూసుకుని, నా అక్షరాల కింద టిక్కు పెట్టింది.

తర్వాతి వారం ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. అక్క ఒక పక్క, నేను ఒక పక్క. కుర్ర డాక్టరు ఫైలు తిప్పుతూ ఆ మూల దగ్గర ఆగి, ఇదేమిటి, రిపోర్టు మీద ఎవరు గీశారని కాస్త విసుగ్గా అడిగాడు. నేను సంజాయిషీ చెప్పబోయాను. పెద్ద సిస్టర్ చేయి అడ్డం పెట్టింది. కుర్చీలో వీలైనంత నిటారుగా కూర్చుని, ఆ గదిలో ఉన్న ఇద్దరు కొత్త నర్సులకు కూడా వినపడేలా చెప్పింది.

‘అది సర్టిఫికెట్ సార్. నా రోగం నాకూ మా అక్కకూ సమజైందని మా నియో రాసిచ్చింది. టిక్కు నేనే పెట్టిన. ఇగ మీరు మందు రాయుండ్రి.’